బరువైనదంతా కిందికే పోతుందా?

(బెంగళూరు బసవనగుడిలో తెలుగువాళ్ళ ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం, చివర్లో వచ్చిన ఒక ప్రశ్నతో సహా)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినపడుతోందా? సరే.

కార్డులో "భూమి పొరలు, గాలి పొరలు" అని వేశారు. అంత పెద్ద విషయం గంటలో తేలదు కాబట్టి ఒక్క మాట పట్టుకుని మాట్లాడతాను. బడిలో మనందరం చదువుకున్న మాటే. బరువైనవి అడుక్కి పోతాయి, తేలికైనవి పైకి తేలతాయి, భూమికి పొరలు అలా ఏర్పడ్డాయి. ఇది తప్పని అనను. కానీ ఇందులో ఉన్నది సగం నిజమే. రెండో సగమే నాకు ఎక్కువ ఇష్టం.

ముందు ఆ మొదటి సగం సంగతి చూద్దాం. ఇక్కణ్ణించి నడిచిపోయేంత దూరంలో లాల్‌బాగ్ గుట్ట ఉంది, కెంపేగౌడ గోపురం ఉన్న గుట్ట. అందరూ ఎక్కి ఫోటోలు దిగుతారు. దాని వయసు సుమారు 300 కోట్ల సంవత్సరాలని జియలాజికల్ సర్వే వాళ్ళు బోర్డు పెట్టారు, ఆ బోర్డు చదివేవాళ్ళు మాత్రం తక్కువ. ఆ రాయి నైస్. గ్రానైట్‌కి దగ్గరి చుట్టం. ఒక ఘన సెంటీమీటరు ముక్క తూచితే 2.7 గ్రాములు తూగుతుంది. మన కాళ్ళ కింద ఎక్కడ తవ్వినా ఇంచుమించు ఇదే బరువు.

మరి మొత్తం భూమి సాంద్రత, అంటే ఘన సెంటీమీటరుకి సగటు బరువు, ఎంత? 1798లో లండన్‌లో హెన్రీ కావెండిష్ దీన్ని కొలిచాడు. తలుపులు మూసిన గదిలో రెండు పెద్ద సీసపు గుండ్లు, సన్నని తీగకు వేలాడే కర్రకు రెండు చిన్న గుండ్లు. పెద్దవి చిన్నవాటిని ఎంత లాగుతున్నాయో బయట నిలబడి టెలిస్కోపుతో చూశాడు, తన ఒంటి వేడికి గదిలో గాలి కదులుతుందని. ఆ లాగుడుని భూమి లాగుడుతో పోల్చి కట్టిన ఆయన లెక్కకీ ఇవాళ్టి లెక్కకీ తేడా ఒకటిన్నర శాతం లోపే. ఇవాళ్టి లెక్క 5.51. అంటే పైన 2.7 ఉన్న భూమికి సగటు 5.5 రావాలంటే, లోపల ఎక్కడో పది, పన్నెండు ఉన్న సరుకు దాక్కుని ఉండాలి. ఒక్క అడుగు తవ్వకుండా తెలిసిన సంగతి ఇది!

ఆ సరుకు ఇనుము. కొంచెం నికెల్ కూడా. పుట్టిన కొత్తలో భూమి చాలా మేరకు కరిగి ఉంది. కరిగినప్పుడు ఇనుము బొట్లుబొట్లుగా కిందికి దిగింది. అలా పడిపోవడంలోంచి ఇంకా వేడి పుట్టి, ఇంకా కరిగింది. కొన్ని కోట్ల ఏళ్ళ లోపే ఈ పని చాలావరకు అయిపోయింది. 454 కోట్ల ఏళ్ళ వయసులో కొన్ని కోట్లంటే పురిటి రోజులే అనుకోవాలి.

పొరల పేర్లు మీకు తెలుసు. పుస్తకాల్లో భూపటలం, ప్రావారం, కేంద్రమండలం అంటారు. నేను క్రస్ట్, మాంటిల్, కోర్ అనేస్తాను, ఏమనుకోకండి. కోర్ ఉందని భూకంప తరంగాలతో 1906లో చూపించిన రిచర్డ్ ఓల్డ్‌హమ్ మన జియలాజికల్ సర్వేలో పనిచేసినవాడే, 1897 అస్సాం భూకంపాన్ని పరిశీలించినవాడు. ఆ కోర్ మధ్యలో గట్టి గుండు ఒకటి ఉందని 1936లో చెప్పింది ఇంగె లేమన్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త.

అంకెల్లో ఒక్కటి గుర్తుపెట్టుకోండి చాలు. 2,890 కిలోమీటర్ల లోతున మాంటిల్ అడుగు సాంద్రత 5.6. దానికి ఆనుకుని ఉన్న కోర్ సాంద్రత 9.9. తేడా 4.3. మనం నిలబడ్డ నేలకీ గాలికీ మధ్య తేడా 2.7 మాత్రమే. అంటే నేలకీ ఆకాశానికీ మధ్య ఉన్న తేడా కంటే పెద్ద తేడా మన కాళ్ళ కింద ఉంది. నొక్కుడు వల్ల సాంద్రత పెరగడం నిజమే కానీ, ఒక్క గీత దగ్గర ఇంత పెరగడం నొక్కుడు వల్ల రాదు. అక్కడ పదార్థమే వేరు.

ఇక్కడిదాకా బడిలో చెప్పిందే. ఇప్పుడు గొడవ మొదలవుతుంది.

మీలో కోలార్ వైపు నుంచి వచ్చినవాళ్ళు ఉంటారు. కేజీఎఫ్, అంటే కోలార్ బంగారు గనుల కాలనీల్లో తమిళం తర్వాత వినపడేది మన భాషే. ఆ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. అడుగున రాయి వేడి 65 డిగ్రీలకు పైమాటే. 2001లో మూసేశారు. అదే రాతి పట్టీ దక్షిణంగా మన చిత్తూరు జిల్లాలోకి వస్తుంది. బిసానత్తం, చిగురుగుంట అక్కడివే. గనులు రాకముందు జనం బంగారం ఎలా తీసేవాళ్ళు? ఇంట్లో బియ్యం గాలించినట్టే. పళ్ళెంలో మట్టీ నీళ్ళూ పోసి తిప్పితే తేలికపాటి ఇసుక జారిపోతుంది, బంగారం అడుగున నిలుస్తుంది. సాంద్రత 19.3 మరి, ఇసుకకి ఏడు రెట్లు.

ఇప్పుడు యురేనియం చూడండి. దాని సాంద్రత 19. బంగారానికి ఇంచుమించు సమానం. బరువైనదల్లా కిందికి పోతుందన్న మాట పూర్తిగా నిజమైతే రెండూ ఒకే చోటికి చేరాలి. కానీ చేరలేదు. భూమిలోని బంగారం దాదాపు అంతా ఇనుముతో పాటు కోర్‌లోకి దిగిపోయింది. మనకి మిగిలింది పిసరంత, అదీ తర్వాత పడిన ఉల్కల పుణ్యమే అని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. యురేనియం మాత్రం ఎదురుదారిలో పైకి వచ్చి క్రస్ట్‌లో కూర్చుంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో తవ్వుతున్నారు కదా, భూమి మొత్తంలో తేలికైన పొరలో!

ఎందుకలా? బంగారానికి ఇనుముతో స్నేహం. ఇనుము ఎటు పోతే అటు పోయింది. యురేనియానికి ఆక్సిజన్‌తో స్నేహం. ఆక్సిజన్‌తో కలిసి రాతిలో భాగమైపోయింది. పైగా దాని అయాను, అంటే విద్యుదావేశం ఉన్న అణువు, పెద్దది, మాంటిల్ ఖనిజాల ఇరుకు గళ్ళలో పట్టదు. మాంటిల్ కొంచెం కరిగినప్పుడల్లా ఆ ద్రవంతో పాటు బయటికి వచ్చేస్తుంది, ఆ ద్రవం పైకే వస్తుంది. అణువు బరువు కాదు, ఆ అణువు ఎవరితో కలిసి ప్రయాణిస్తోందో దాని బరువు లెక్క. సాంద్రత తీర్పు చెప్పేది జట్టు మీద.

ఇక జట్టు కట్టాక ఎవరు ఎక్కడ తేలతారు అన్న కథ. దీనికి మన ఊరితోనే సంబంధం ఉంది. విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి 1800లో ఈ బెంగళూరు దగ్గరే గొలుసులతో నేల కొలిచి చూశాడు. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర అసలు సర్వే మొదలుపెట్టాడు. అదే తర్వాత జార్జ్ ఎవరెస్ట్ చేతుల మీదుగా హిమాలయాల దాకా పోయింది. అక్కడొక చిక్కు వచ్చింది. మధ్య భారతంలోని కల్యాణ్‌పూర్‌కీ, హిమాలయాల దగ్గరి కల్యాణాకీ మధ్య దూరం రెండు పద్ధతుల్లో కట్టారు. నేల మీద త్రిభుజాలతో ఒకటి, నక్షత్రాలు చూసి ఇంకొకటి. రెంటికీ 5.24 సెకన్ల కోణం తేడా వచ్చింది. ఈ సెకను కాలం కాదు, డిగ్రీలో 3600వ వంతు. నేల మీద అది 160 మీటర్లు. ఆరువందల కిలోమీటర్లకి 160 మీటర్లేముందిలే అని మనమైతే వదిలేస్తాం. వాళ్ళు వదల్లేదు.

నక్షత్రాల కోణం కొలవాలంటే నిట్టనిలువు ఏదో తెలియాలి. అందుకు తాపీమేస్త్రీ గోడ చూడ్డానికి దించే గుండు లాంటిదే దారం కట్టి దించుతారు. పక్కన అంత పర్వతం ఉంటే ఆ గుండుని తనవైపు లాగదా? లాగుతుంది, తేడా అందుకే వచ్చింది అని కలకత్తాలో ఉన్న ఆర్చ్‌డీకన్ జాన్ ప్రాట్ అనుకున్నాడు. మతాచార్యుడైనా గణితంలో గట్టివాడు. ఎంత లాగాలో కాగితం మీద కట్టాడు. 15.9 సెకన్లు వచ్చింది. కానీ కనిపించింది 5.24. అంటే హిమాలయం తన ఒడ్డూ పొడుగూ బట్టి లాగాల్సిన దాంట్లో మూడో వంతే లాగుతోంది. మిగతా బలం ఎక్కడికి పోయింది?

1855లో ఇంగ్లండ్ రాజఖగోళవేత్త జార్జ్ ఎయిరీ జవాబు చెప్పాడు. పర్వతం గట్టి నేల మీద పెట్టిన బరువు కాదు, తేలుతున్న వస్తువు. పైన ఎంత ఎత్తుందో దానికి కొన్ని రెట్లు లోపల మునిగి ఉంది. మునిగిన ఆ వేరు చుట్టూ ఉన్న మాంటిల్ కంటే తేలిక. పైనున్న పర్వతం గుండుని ఎంత లాగినా, కింద ఉన్న ఆ లోటు అందులో చాలా భాగం కొట్టేస్తుంది. లెక్క మీరే కట్టుకోవచ్చు, పిల్లలూ రాసుకోండి. క్రస్ట్ సాంద్రత 2.8, మాంటిల్ 3.3. తేడా 0.5. 2.8ని 0.5తో భాగిస్తే 5.6. పైకి లేచిన ప్రతి కిలోమీటరుకీ కింద 5.6 కిలోమీటర్ల వేరు కావాలి. టిబెట్ ఎత్తు 5 కిలోమీటర్లు అనుకుంటే వేరు 28. మామూలు క్రస్ట్ మందం 35. మొత్తం కలిపితే 68. భూకంప తరంగాలతో కొలిస్తే అక్కడ క్రస్ట్ సుమారు 70 కిలోమీటర్లు ఉంది. ఒక్క భాగహారంతో ఇంత దగ్గరకు రావడం నాకు ఎన్నిసార్లు చూసినా ముచ్చటగానే ఉంటుంది.

ఇందులోంచే ఇంకో సంగతి. వాన, నది కలిసి పర్వతాన్ని ఒక కిలోమీటరు అరగదీస్తే ఎత్తు ఒక కిలోమీటరు తగ్గదు. బరువు తగ్గింది కాబట్టి కింది నుంచి 850 మీటర్ల దాకా మళ్ళీ లేస్తుంది. పర్వతాలు అంత తొందరగా చావకపోవడానికి ఇదొక కారణం.

సముద్రం అడుగున వ్యవహారం వేరు. అక్కడ క్రస్ట్ ఏడు కిలోమీటర్లే మందం, రాయి బసాల్టు, సాంద్రత 2.9, 3.0 దాకా. నడిసముద్రపు చీలికలో పుట్టినప్పుడు వేడిగా ఉంటుంది కాబట్టి తేలుతుంది. పక్కకి జరిగేకొద్దీ చల్లారి, అడుగున మాంటిల్ కూడా చల్లారి బిగిసి అతుక్కుని, మొత్తం పలక కింది వేడి మాంటిల్ కంటే బరువెక్కుతుంది. ఏదో ఒక అంచు దగ్గర వంగి మునుగుతుంది. మునిగాక నొక్కుడికి బసాల్టు ఎక్లోజైట్ అనే రాయిగా మారుతుంది, సాంద్రత 3.5 దగ్గరికి పోతుంది. ఇక దాన్ని ఆపేవాళ్ళు లేరు, వెనకున్న పలకని కూడా లాక్కుపోతుంది. అందుకే 20 కోట్ల ఏళ్ళు దాటిన సముద్రపు నేల దాదాపు ఎక్కడా దొరకదు. లాల్‌బాగ్ రాయికి 300 కోట్ల ఏళ్ళు ఎందుకు నిండాయి? గట్టిదని కాదు. తేలికది. మునగలేక మిగిలిపోయింది.

శ్రీలంకకి దక్షిణాన హిందూ మహాసముద్రంలో సముద్రమట్టం ఉండాల్సిన లెక్క కంటే 106 మీటర్లు కిందికి ఉంటుంది. ఓడలో పోతే తెలియదు లెండి, వేల కిలోమీటర్ల మేర పరుచుకున్న పల్లం అది. అక్కడ గురుత్వం తక్కువ. ఎందుకని ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్‌సీ) వాళ్ళు కంప్యూటర్ నమూనాలు వేసి 2023లో ఒక వివరణ ఇచ్చారు. ఆఫ్రికా అడుగు నుంచి లేచిన వేడి, తేలిక పదార్థం ఆ ప్రాంతం కింద మాంటిల్‌లో చేరిందని. అంటే 454 కోట్ల ఏళ్ళ తర్వాత కూడా తేలడం, మునగడం సాగుతూనే ఉంది.

ఇక గాలి. ఇక్కడ బడి పాఠం ఇంకా ఎక్కువ తప్పుదారి పట్టిస్తుంది.

గాలి కింద చిక్కగా, పైన పలచగా ఉంటుంది. అది నిజం. పైగాలి బరువు కిందిగాలిని నొక్కుతుంది, అంతే. ఒక చదరపు మీటరు మీద పది టన్నుల గాలి ఉంది. అందులో సగం 5.5 కిలోమీటర్ల లోపే. మనం 900 మీటర్ల ఎత్తులో ఉన్నాం, అంటే చెన్నై వాళ్ళకంటే పది శాతం గాలి కింద వదిలేసి వచ్చాం. నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కర్ లేకుండా కందిపప్పు ఉడకబెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. దేవనహళ్ళిలోని మన ఎయిర్‌పోర్టులో విమానం లేవడానికి చెన్నైలో కంటే ఎక్కువ దూరం పరిగెత్తాలి, రెక్కకీ ఇంజనుకీ దొరికే గాలి తక్కువ. చిన్నస్వామి స్టేడియంలో సిక్సర్లు ఎక్కువ పడటానికీ ఇదొక కారణమంటారు. బౌండరీ దగ్గరగా ఉండటం కూడా ఉందనుకోండి.

అయితే కిందిగాలికీ పైగాలికీ తేడా చిక్కదనంలోనే, వాయువుల్లో కాదు. నైట్రోజన్, ఆక్సిజన్, ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ పాళ్ళు ఇక్కడా, ఎవరెస్టు మీదా, యాభై కిలోమీటర్ల పైనా ఇంచుమించు ఒకటే. ఒకవేళ నిజంగా బరువు ప్రకారం పొరలుగా పేరిస్తే? అన్నిటికంటే బరువైన కార్బన్ డయాక్సైడ్ మూడు మీటర్ల పైచిలుకు పొర. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళు ఒక్కరూ మిగలరు. దాని మీద 75 మీటర్ల ఆర్గాన్. అంటే ఇరవై అంతస్తుల దాకా ఊపిరాడదు. ఆ పైన ఆక్సిజన్! వైట్‌ఫీల్డ్ అపార్టుమెంట్లలో పై అంతస్తుల రేట్లు ఇంకా పెరిగేవి.

అలా జరగదు. వాయువు అణువులు ఊరికే ఉండవు, సెకనుకి వందల మీటర్ల వేగంతో కొట్టుకుంటూ ఉంటాయి. గాలులు, మబ్బులు వాటిని కలియబెడుతూనే ఉంటాయి. కలవడానికి వ్యవధి లేని చోట మాత్రం బరువు మాట చెల్లుతుంది. ఊళ్ళలో పాడుబడ్డ బావిలోకి దిగే ముందు దీపం దించి చూసేవాళ్ళు, ఆరిపోతే దిగరు. అడుగున కుళ్ళే ఆకులూ చెత్తా ఆక్సిజన్‌ని తినేసి వదిలిన కార్బన్ డయాక్సైడ్, గాలి ఆడని గుంతలో పేరుకుంటుంది. దీపాన్ని కూడా పూర్తిగా నమ్మకూడదు. మనిషి ప్రాణం తీసే విషవాయువులు కొన్ని దీపాన్ని ఆర్పవు.

మరి నేలని ఆనుకుని ట్రోపోస్ఫియర్, దాని మీద స్ట్రాటోస్ఫియర్ అని గాలికి పొరలు ఎందుకు చెప్తారు? అవి వేడిని బట్టి గీసిన గీతలు. ట్రోపోస్ఫియర్‌కి వేడి కింది నుంచి, నేల నుంచి వస్తుంది. కింద వేడెక్కిన గాలి వ్యాకోచించి తేలికై లేస్తుంది, పైనున్న చల్లటిది దిగుతుంది. ఎప్పుడూ తిరుగుడే. తేమగాలి పొడిగాలి కంటే బరువు అనుకుంటాం కానీ, నీటి అణువు బరువు 18, గాలి సగటు 29. తేమ చేరేకొద్దీ గాలి తేలికవుతుంది. స్ట్రాటోస్ఫియర్‌లో ఓజోన్ ఎండని పట్టుకుని పైభాగాన్ని వేడి చేస్తుంది. తేలికది ముందే పైన ఉంది, బరువైనది కిందే ఉంది. ఇక కదలడానికి కారణం లేదు. ఏప్రిల్‌లో మామిడి జల్లులప్పుడు సాయంత్రం తూర్పుకి చూడండి, మబ్బు కాలీఫ్లవర్‌లా లేచి లేచి ఒక ఎత్తులో ఉన్నట్టుండి చదునుగా పరుచుకుంటుంది. బాగా బలమున్న మబ్బైతే సుమారు 16, 17 కిలోమీటర్ల దాకా పోతుంది. అక్కడ దాని గాలి చుట్టుపక్కల గాలి కంటే తేలిక కాదు, కాబట్టి ఆగింది. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం ఆ గీత దాటించి గంధకపు వాయువు చిమ్మితే, దాని పొగమంచు రెండేళ్ళ దాకా దిగలేదు. ప్రపంచమంతా అర డిగ్రీ చల్లబడింది.

చలికాలంలో తెల్లవారుజామున ఎయిర్‌పోర్టులో పొగమంచుకి విమానాలు ఆగిపోవడం మీ అందరికీ అనుభవమే. అదీ ఇదే సూత్రం, మన తలల ఎత్తులో. రాత్రి నేల చల్లారి, దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి కదలకుండా కూర్చుంటుంది. పైన వెచ్చటి గాలి. ఎండ వచ్చి నేల కాగేదాకా ఆ వరస మారదు. చెత్త కాల్చిన పొగ పొద్దున పూట వీధి దాటకపోవడం కూడా ఇందుకే.

వంద కిలోమీటర్ల పైన గాలి ఎంత పలచనంటే అణువులు కలగలవడం దాదాపు మానేస్తాయి. అక్కడ, అక్కడే, బడి పాఠం నిజమవుతుంది. బరువైనవి కింద, ఆక్సిజన్ పరమాణువులు ఆ పైన, తర్వాత హీలియం, అన్నిటికీ పైన హైడ్రోజన్. హీలియం అంటే గుర్తొచ్చింది. 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ మన గుంటూరు వచ్చి సూర్యుడి వెలుగుని విడదీసి చూశాడు. ఆ గ్రహణంలో పరిశీలకులకి దొరికిన పసుపు గీతే తర్వాత హీలియంగా తేలింది. భూమి మీద హీలియం ఎక్కణ్ణుంచి వస్తుందో తెలుసా? ఇందాక చెప్పిన యురేనియం నుంచి, థోరియం నుంచి. ఒక్కో యురేనియం అణువు సీసంగా మారేలోపు ఎనిమిది హీలియం అణువులు పుట్టిస్తుంది. అన్నిటికంటే బరువైన వాటిలో ఒకటి తేలిక రాతిలో కూర్చుని, తేలికైన వాటిలో ఒకదాన్ని కంటోంది. అది రాతి సందుల్లోంచి గాలిలోకి, గాలిలోంచి అంతరిక్షంలోకి పోతోంది.

ఆ మూడో వరసలో అమ్మాయి చెయ్యెత్తింది. అడగమ్మా.

(ప్రశ్న: ఇలా పైకి పోతూ ఉంటే గాలి, నీళ్ళు అయిపోవా సార్?)

మంచి ప్రశ్న. హైడ్రోజన్ సెకనుకి సుమారు మూడు కిలోలు పోతోంది, ఏడాదికి 95 వేల టన్నులు. ఆ హైడ్రోజన్ అసలు నీళ్ళదే కాబట్టి సముద్రాలతో లెక్క కట్టు. ఇదే వేగంతో పోతే సముద్రాలు అయిపోవడానికి లక్షన్నర కోట్ల ఏళ్ళ పైన పడుతుంది. కాబట్టి నువ్వు దిగులు పడక్కర్లేదు. ఇంత మెల్లగా ఎందుకు పోతోందంటే, ఇందాక మబ్బు ఆగిందే, ఆ ఎత్తులో మన నెత్తిన చలి మైనస్ 80 డిగ్రీలు. నీటి ఆవిరి అక్కడ గడ్డకట్టి వెనక్కి పడిపోతుంది, పైకి వెళ్ళేది చిటికెడు. శుక్రగ్రహం మీద ఆ అడ్డం నిలవలేదు. అక్కడ నీళ్ళు పైదాకా పోయి, ఎండకి విడిపోయి, హైడ్రోజన్ జారిపోయింది. మామూలు హైడ్రోజన్‌కి రెట్టింపు బరువుండే డ్యూటీరియం మాత్రం అంత సులువుగా పోలేక వెనకబడింది. అందుకే అక్కడ దాని పాలు ఇక్కడికంటే నూరు రెట్లకు పైగా ఉంది.